రాత్రి డేటాబేస్ స్క్రిప్టు మధ్యలో ఆగిపోతోంది, టైమ్‌అవుట్ పెంచితే సరిపోతుందా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. భీమవరం దగ్గర రొయ్యలు కొనే ఆఫీసు మీది. కాటా లెక్కలు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో, పాత అకౌంట్లు ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్‌లో ఉన్నాయి. రోజూ రాత్రి మీరే కూర్చుని డంప్ (డేటా మొత్తానికి ఫైలు రూపంలో నకలు) తీసి, నిన్నటి రిపోర్టు డేటాబేస్‌ను తీసేసి, కొత్త డంప్ ఎక్కించేవారు. ఆ టైపింగంతా మిషనే చేసేలా, మనిషికి బదులు టైప్ చేసే ఎక్స్‌పెక్ట్ అనే పనిముట్టుతో స్క్రిప్టు రాసి, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో రాత్రి 2 గంటలకు పెట్టారు. చేత్తో నడిపితే బాగానే నడుస్తోంది. రాత్రిపూట మాత్రం ఒక్కోసారి పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతోంది. పోయిన వారం డిస్కు నిండిన రోజున రిపోర్టు డేటాబేస్‌లో సగం టేబుళ్లే మిగిలాయి. టైమ్‌అవుట్ (ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే గడువు) 10 సెకన్ల నుంచి 60 చేస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. 60 పెట్టినా, 600 పెట్టినా అదే జరుగుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా జరుగుతుంది.

ఎక్స్‌పెక్ట్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫలానా మాట కనపడేదాకా ఆగు అని మనం రాస్తాం. అది మాట కనపడేదాకా ఆగదు. మనం వేరే ఏమీ చెప్పకపోతే 10 సెకన్లు చూస్తుంది. అప్పటికీ ఆ మాట రాకపోతే తప్పు జరిగిందని చెప్పదు, స్క్రిప్టును ఆపదు, చడీచప్పుడు లేకుండా కింది లైనుకు వెళ్లిపోతుంది. టైమ్‌అవుట్ అయితే ఏం చేయాలో మనం విడిగా రాసినప్పుడే ఆగుతుంది. మీ స్క్రిప్టులో అలాంటి లైను ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు ఆ రాత్రి ఏం జరిగిందో వరసగా చూడండి. మామూలు రోజుల్లో డంప్ 7, 8 సెకన్లలో అయిపోతోందని రాశారు. పట్టుబడులు ముమ్మరంగా ఉన్న వారం కాబట్టి ఆ రోజు 10 సెకన్లు దాటింది. స్క్రిప్టు షెల్ (కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రాము) ప్రాంప్ట్ కోసం, అంటే తర్వాతి కమాండ్ ఇవ్వొచ్చనే గుర్తు కోసం చూసింది, రాలేదు, అయినా డేటాబేస్‌ను తీసేసే డ్రాప్‌డీబీ కమాండ్ టైప్ చేసేసింది. డంప్ ఇంకా నడుస్తోంది కాబట్టి ఆ అక్షరాలు తీసుకునేవాళ్లు లేరు. అవి టెర్మినల్ దగ్గర క్యూలో నిలబడ్డాయి. తర్వాత "నిజంగా తీసేయమంటారా, వై లేదా ఎన్" అనే ప్రశ్న కోసం ఇంకో 10 సెకన్లు చూసింది. ప్రశ్న రాలేదు. అయినా వై కొట్టింది. అదీ క్యూలో చేరింది. ఈలోగా డిస్కు నిండిపోయి డంప్ మధ్యలోనే పోయింది. అప్పుడొచ్చింది ప్రాంప్ట్. షెల్ క్యూలో ఉన్న మొదటి లైను తీసుకుని డ్రాప్‌డీబీని నడిపింది. అది ప్రశ్న అడిగింది. జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. డేటాబేస్ పోయింది. ఆ తర్వాత ఎక్కింది సగం డంపు.

ప్రతి ప్రోగ్రామూ తన పని తాను సరిగ్గానే చేసిందండి. డ్రాప్‌డీబీ అడగాల్సిన ప్రశ్న అడిగింది కూడా. కానీ ప్రశ్న పుట్టకముందే జవాబు టైప్ అయిపోయింది. మన డెల్టా కాలువల మీద లాకులు చూసే ఉంటారు. పడవల రోజుల్లో తలుపు తీసే ముందు రెండు వైపులా నీళ్లు సమానమయ్యాయో లేదో చూసేవాళ్లు. రోజూ ఇంతసేపట్లో సమానమవుతాయి కదా అని గడియారం చూసి తలుపు తీసేవాళ్లు కాదు. మీ స్క్రిప్టు గడియారం చూసి తలుపు తీస్తోంది. టైమ్‌అవుట్ పెంచడమంటే అదే గడియారంలో ముల్లు కాస్త జరపడం.

పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోవడం కూడా ఇదే జబ్బు. పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రాములు చాలావరకు, అడగబోయే ముందు టెర్మినల్ క్యూలో అప్పటికే ఉన్న అక్షరాలను పారేస్తాయి. పొరపాటున ముందే టైప్ అయినవి పాస్‌వర్డ్‌గా వెళ్లకూడదని ఆ జాగ్రత్త. మీ స్క్రిప్టు తొందరపడి పాస్‌వర్డ్ ముందే పంపిన రాత్రి అది చెత్తబుట్టలోకి పోయింది. ప్రోగ్రాము మాత్రం తెల్లారేదాకా పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

అయితే ఎక్స్‌పెక్ట్ చెడ్డదని నేను అనడం లేదు. 1990లో డాన్ లైబ్స్ టీసీఎల్ భాష ఆధారంగా దాన్ని తయారుచేశారు. మనిషితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడని ప్రోగ్రాముల కోసం చేసిన పనిముట్టు అది. పాత రౌటర్లు, టెల్‌నెట్ లాగిన్లు, స్క్రిప్టు మాట ఎత్తకుండా రాసిన ఇన్‌స్టాలర్లు ఉంటాయి. అక్కడ అది లేకపోతే పని జరగదు. కానీ డేటాబేస్‌తో మాట్లాడే పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌ది), ఎస్‌క్యూఎల్ ప్లస్ (ఒరాకిల్‌ది), మైఎస్‌క్యూఎల్ అలాంటివి కావు. వీటికి మనిషితో మాట్లాడే ముఖం ఒకటుంటే, స్క్రిప్టుతో మాట్లాడే ముఖం ఇంకొకటి ఉంది. మీరు స్క్రిప్టును తీసుకెళ్లి మనిషి కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టారు. దాన్ని అక్కడి నుంచి లేపడమే నా జవాబు. కింద కమాండ్ల పేర్లు చదివి వినిపించినట్టు తెలుగులోనే రాస్తున్నాను, మీరు రోజూ వాడేవే కాబట్టి పోల్చుకుంటారు.

మొదట పాస్‌వర్డ్ సంగతి చూద్దాం. మీరు పెట్టిన స్క్రిప్టులో 4వ లైనులో పాస్‌వర్డ్ అలాగే ఉంది. ఇది చదవగానే ముందు దాన్ని మార్చండి, మిగతాది తర్వాత చదవండి.

ఇన్‌పుట్‌ను ఫైలు నుంచి మళ్లించినా పీఎస్‌క్యూఎల్ పాస్‌వర్డ్ తీసుకోవడం లేదని, అందుకే ఎక్స్‌పెక్ట్‌కు వెళ్లానని రాశారు. నిజమే, తీసుకోదు. ఎందుకంటే అది పాస్‌వర్డ్‌ను మామూలు ఇన్‌పుట్ నుంచి చదవదు, నేరుగా టెర్మినల్‌ను తెరిచి అక్కడి నుంచి చదువుతుంది. దానికి దారి హోమ్ డైరెక్టరీలో పీజీపాస్ ఫైలు. ఒక్క లైను చాలు: హోస్టు, పోర్టు, డేటాబేస్, యూజర్, పాస్‌వర్డ్, మధ్యలో కోలన్లు. ఆ ఫైలు పర్మిషన్ 0600 ఉండాలి. గ్రూపుకో, అందరికో చదివే హక్కు ఉంటే ఒక హెచ్చరిక ఇచ్చి ఆ ఫైలును అసలు పట్టించుకోదు. దీనితోపాటు చిన్న డబ్ల్యూ ఆప్షన్ తప్పకుండా పెట్టండి. "పాస్‌వర్డ్ ఎట్టి పరిస్థితిలోనూ అడగొద్దు, దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి బయటికి వచ్చెయ్" అని దాని అర్థం. రాత్రి 2 గంటలకు నడిచే స్క్రిప్టు ఎవరినీ ఏమీ అడగకూడదు. ఆగిపోయిన ప్రోగ్రాము కంటే ఎర్రర్ ఇచ్చి బయటికొచ్చిన ప్రోగ్రాము వెయ్యి రెట్లు నయం.

ఒరాకిల్‌కు అయితే యూజర్ పేరు, పాస్‌వర్డ్ కలిపి కమాండ్ లైనులో రాయొద్దు. ఆ సర్వర్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే పీఎస్ కమాండ్ కొడితే కనపడే ప్రమాదం ఉంది. ఒరాకిల్ వాలెట్ పెట్టుకుంటే పాస్‌వర్డ్ స్క్రిప్టులో ఎక్కడా ఉండదు. ఎస్‌క్యూఎల్ ప్లస్‌కు పెద్ద ఎల్ ఆప్షన్ కలపండి, లాగిన్ ఒకసారి తప్పితే మళ్లీ మళ్లీ అడగకుండా బయటికి వస్తుంది. పెద్ద ఎస్ పెడితే బ్యానర్, ప్రాంప్టులు రావు, లాగ్ శుభ్రంగా ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ మీ దగ్గర లేదన్నారు కాబట్టి ఒక్క మాటే చెప్తాను. దానికి మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ ఎడిటర్‌తో లాగిన్ పాత్ చేసుకోవచ్చు, కానీ అందులో పాస్‌వర్డ్ కళ్లకు కనపడకుండా ఉంటుందే తప్ప గట్టిగా తాళం వేసినట్టు కాదు.

పాస్‌వర్డ్ తేలిగ్గా తేలిపోతుంది. తప్పు జరిగినప్పుడు ఆగడమనేదే అసలు పని, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మీరు పంపిన రెండో ఫైలులో రెండు స్టేట్‌మెంట్లున్నాయి. ఏడాది దాటిన కాటా వరుసలను ఆర్కైవ్ టేబుల్‌లోకి కాపీ చేయడం, తర్వాత వాటినే అసలు టేబుల్ నుంచి డిలీట్ చేయడం. మీరే టైప్ చేసేటప్పుడు మొదటిదానికి ఎర్రర్ వస్తే రెండోది కొడతారా? కొట్టరు. పీఎస్‌క్యూఎల్ కొడుతుంది. ఫైలు ఇస్తే మధ్యలో ఎర్రర్ వచ్చినా అది చెప్పేసి తర్వాతి స్టేట్‌మెంటుకు వెళ్లడమే దాని అలవాటు. చివరికి బయటికొచ్చేటప్పుడు అంతా బాగుందన్నట్టు సున్నా కోడ్ కూడా ఇస్తుంది. ఆర్కైవ్ టేబుల్‌లో ఒక కాలమ్ తక్కువైతే చాలు, ఏడాది లెక్కలు ఇటూ లేకుండా, అటూ లేకుండా పోతాయి. మైఎస్‌క్యూఎల్ దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఫైలు ఇస్తే మొదటి ఎర్రర్ దగ్గరే ఆగుతుంది. ఒకదాని అలవాటుతో ఇంకొకటి వాడి దెబ్బతిన్నవాళ్లను చాలామందిని చూశాను.

అందుకే పీఎస్‌క్యూఎల్‌కు ఆన్ ఎర్రర్ స్టాప్ అనే వేరియబుల్‌ను 1 చేసి ఇవ్వండి. అప్పుడు స్క్రిప్టులో ఎర్రర్ వస్తే అక్కడే ఆగి 3 అనే కోడ్‌తో బయటికి వస్తుంది. కనెక్షన్ పోతే 2 వస్తుంది. ఫైలు దొరక్కపోవడం లాంటి దాని సొంత ఇబ్బందికి 1 వస్తుంది. ఈ మూడింటినీ విడివిడిగా లాగ్‌లో రాయించుకుంటే పొద్దున్నే చూడగానే ఏ వైపు వెతకాలో తెలిసిపోతుంది. దీనికి తోడు మైనస్ 1 ఆప్షన్ ఇస్తే ఫైలు మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌గా నడుస్తుంది. కాపీ, డిలీట్ రెండూ జరుగుతాయి, లేదంటే రెండూ జరగవు. పెద్ద ఎక్స్ కూడా పెట్టండి, లేకపోతే మీ హోమ్‌లో ఉన్న సొంత సెట్టింగుల ఫైలు చదువుతుంది. మీకు నడిచి క్రాన్‌లో వేరే యూజర్‌కు నడవకపోవడానికి అది కూడా ఒక కారణం అవుతుంది.

ఎస్‌క్యూఎల్ ప్లస్ కూడా ఎర్రర్ వచ్చినా ఆగదు. ఆపడానికి వెనెవర్ ఎస్‌క్యూఎల్ ఎర్రర్ ఎగ్జిట్ అని ఫైలు మొదట్లో రాస్తాం. ఇందులో రెండు గుంటలున్నాయి.

ఒకటి, ఉట్టి ఎగ్జిట్ అని వదిలేస్తే అది బయటికి వెళ్తూ కమిట్ చేసి వెళ్తుంది. సగం జరిగిన పని శాశ్వతం అవుతుంది. చివర రోల్‌బ్యాక్ (జరిగిన సగం వెనక్కి తీసుకో) అనే మాట రాయాలి.

రెండోది, చాలా పుస్తకాల్లో ఎగ్జిట్ పక్కన ఎస్‌క్యూఎల్ కోడ్ అని రాయమంటారు, అంటే ఒరాకిల్ ఎర్రర్ నంబరే ఎగ్జిట్ కోడ్‌గా రావాలని. కానీ లినక్స్‌లో ఎగ్జిట్ కోడ్‌కు 0 నుంచి 255 దాకానే చోటు. దానికంటే పెద్ద నంబరును 256తో భాగించగా వచ్చిన శేషమే మీకు అందుతుంది. ఇప్పుడు ఓరా 1536 చూడండి, టేబుల్‌స్పేస్‌లో మీ కోటా అయిపోయిందని చెప్పే ఎర్రర్. 1536 అంటే సరిగ్గా 6 సార్లు 256. శేషం సున్నా. అంటే చోటు లేక పని ఆగిపోయిందని ఒరాకిల్ చెప్తే, మీ స్క్రిప్టుకు అది విజయంగా వినపడుతుంది. అందుకని ఎస్‌క్యూఎల్ కోడ్ వద్దు, ఎగ్జిట్ 1 రోల్‌బ్యాక్ అని రాయండి. అసలు నంబరు ఎలాగూ లాగ్‌లో ఉంటుంది. ఇంకో చిన్న సంగతి, ఎస్‌పీ2 అని మొదలయ్యే ఎర్రర్లు ఎస్‌క్యూఎల్ ప్లస్ సొంతవి, ఈ వెనెవర్ వాటిని పట్టుకోదు. పని అయ్యాక లాగ్‌లో ఎస్‌పీ2 కోసం గ్రెప్ కమాండ్‌తో వెతికించండి.

నేను పాలకొల్లులో ఉంటూ చుట్టుపక్కల మిల్లులు, మేత డీలర్లు, కొబ్బరి వ్యాపారుల డేటాబేస్‌లు చూస్తుంటాను. మొదట్లో అంబాజీపేట వైపు ఒక కొబ్బరి గిడ్డంగికి వ్యాపారుల పేర్లు ఒరాకిల్‌లోకి ఎక్కించాను. ఫైలులో ఇన్సర్ట్‌లు రాసి ఎస్‌క్యూఎల్ ప్లస్‌కు మళ్లించాను. అయిపోయాక లెక్క చూస్తే పేర్లు తగ్గాయి. తగ్గినవి ఎప్పుడూ జంటలుగానే తగ్గాయి. మధ్యాహ్నమంతా వెతికితే తేలింది. ఒక వ్యాపారి పేరులో తండ్రి పేరు, ఆంపర్‌సాండ్ గుర్తు, సన్స్ అని ఉంది. ఎస్‌క్యూఎల్ ప్లస్‌కు ఆంపర్‌సాండ్ కనపడితే అది వేరియబుల్. "సన్స్‌కు విలువ ఇవ్వండి" అని అడుగుతుంది. మనిషి ఎదురుగా ఉంటే చూసి నవ్వుకుని సరిచేస్తాడు. ఫైలు నుంచి నడుస్తోంది కాబట్టి, తర్వాతి లైనులో ఉన్న ఇన్సర్ట్‌ను మొత్తంగా మింగి, అదే సన్స్ విలువ అనుకుంది. అలా మారిన స్టేట్‌మెంటు ఎర్రర్ అయింది, మింగిన లైను అసలు నడవనే లేదు. ఒక్కో గుర్తుకు ఇద్దరు వ్యాపారులు పోయారు. ఫైలు మొదట్లో సెట్ డిఫైన్ ఆఫ్ అని రాస్తే ఆ ప్రశ్న అడగదు. మీ దగ్గర కూడా పార్టీల పేర్లలో ఆ గుర్తు తప్పకుండా ఉంటుంది, ముందే రాసుకోండి.

డాలర్ గుర్తుతో ఇలాంటిదే ఇంకోటి జరుగుతుంది, ఈసారి తప్పు షెల్‌ది. ఒరాకిల్‌లో నడుస్తున్న సెషన్లు చూసే వ్యూ పేరులో వీ పక్కన డాలర్ ఉంటుంది. షెల్ స్క్రిప్టులోనే హియర్ డాక్యుమెంట్‌గా, అంటే విడి ఫైలు లేకుండా స్క్రిప్టు మధ్యలోనే, ఆ క్వెరీ రాస్తే, షెల్ ఆ డాలర్‌ను, పక్కనున్న సెషన్ అనే మాటను తన వేరియబుల్ అనుకుని తీసేస్తుంది. ఒరాకిల్‌కు ఉట్టి వీ మాత్రమే చేరుతుంది, టేబుల్ గానీ వ్యూ గానీ లేదని ఓరా 942 ఇస్తుంది. హియర్ డాక్యుమెంట్ మొదలుపెట్టే ఈవోఎఫ్ మాట చుట్టూ సింగిల్ కోట్స్ పెడితే షెల్ లోపలి వాటి జోలికి రాదు. నా సలహా అడిగితే, పది లైన్లు దాటిన ఎస్‌క్యూఎల్‌ను విడి ఫైలులోనే పెట్టండి.

క్రాన్ గురించి కూడా అడిగారు. మీరు లాగిన్ అయినప్పుడు ఉండే పాత్, ఒరాకిల్ హోమ్ లాంటి సెట్టింగులు క్రాన్‌కు ఉండవు. స్క్రిప్టు మొదట్లోనే వాటిని రాసుకోండి. క్రాన్‌టాబ్ లైనులో పర్సెంట్ గుర్తు ఉంటే అక్కడ లైను తెగిపోయినట్టు లెక్క. ఫైలు పేరులో తేదీ రావాలని డేట్ కమాండ్‌ను క్రాన్‌టాబ్‌లోనే రాసి, ఎందుకు నడవడం లేదో తెలియక తల పట్టుకునేవాళ్లు ఎందరో. తేదీ పని స్క్రిప్టు లోపల పెట్టండి.

ఇప్పుడు డంప్. దీని గురించి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. తాడేపల్లిగూడెం వైపు ఒక రైస్ మిల్లు ఆఫీసు ఉండేది. అక్కడ నేను రాసిన స్క్రిప్టే ఉండేది, పీజీడంప్‌తో (పోస్ట్‌గ్రెస్ డంప్ తీసే కమాండ్) డంప్ తీసి, పైప్‌లో నేరుగా, డేటాను కుదించే జీజిప్‌కు పంపి ఫైలు చేయడం. రోజూ ఫైలు వస్తోంది, తేదీ సరిగ్గా ఉంది, ఎగ్జిట్ కోడ్ సున్నా. ఒకరోజు డిస్కు పోయింది. బ్యాకప్ తీసి చూస్తే ఫైలు సైజు 20 బైట్లు. అంతకుముందు రోజుది 20. దాని ముందుదీ 20. మధ్యలో ఎవరో డేటాబేస్ యూజర్ పాస్‌వర్డ్ మార్చారు. పీజీడంప్ లోపలికి వెళ్లలేక ఏమీ రాయకుండా బయటికొచ్చేసింది. జీజిప్‌కు ఖాళీ అందింది. ఖాళీని కుదిస్తే వచ్చే ఫైలు సైజు సరిగ్గా 20 బైట్లు. పైప్‌లో ఎన్ని కమాండ్లున్నా షెల్ చివరిదాని కోడే చెప్తుంది. జీజిప్ తన పని బాగానే చేసింది, అందుకే సున్నా. ఆ మిల్లులో రైతులకు ఇచ్చిన కాటా చీటీలు, తోలిన బస్తాల లెక్కలు పుస్తకాల్లోంచి మళ్లీ ఎక్కించడానికి ముగ్గురు మనుషులు నెలకు పైగా కూర్చున్నారు. అప్పటి నుంచి స్క్రిప్టు తెరవగానే నేను రాసే మొదటి లైను సెట్ ఈ, సెట్ యూ, పైప్‌ఫెయిల్. ఈ మూడోది ఉంటే పైప్‌లో ఎక్కడ తప్పు జరిగినా మొత్తం తప్పుగానే లెక్క. మీ స్క్రిప్టులో అది లేదు.

పైప్ లేకుండా పీజీడంప్‌లోనే కస్టమ్ ఫార్మాట్ వాడితే ఇంకా మంచిది. దానంతట అదే కుదించి రాస్తుంది, పీజీరీస్టోర్‌తో లోపలి జాబితా చూసుకోవచ్చు. అన్నట్టు, 2 గంటలకు అందరూ పడుకుంటారు కాబట్టి డేటాబేస్ ఖాళీగా ఉంటుందని రాశారు. ఎండ ఎక్కకముందే పట్టుబడి అయిపోవాలని చూసే ఊళ్లలో ఆ వేళకు కాటాలు నడుస్తూనే ఉంటాయి కదా. డంప్‌కు దానివల్ల ఇబ్బంది లేదు, పీజీడంప్ మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే తీసుకుంటుంది. కానీ మర్నాడు వరుసల లెక్క పోల్చేటప్పుడు ఆ తర్వాత పడిన కాటాలు తేడాగా కనపడతాయి. కాబట్టి నిన్న అర్ధరాత్రి వరకు పడిన వరుసలనే లెక్కపెట్టి పోల్చండి.

డంప్ ఫైలుకు మొదట తాత్కాలిక పేరు పెట్టి, పూర్తిగా అయ్యాకే అదే డిస్కులో అసలు పేరుకు మార్చండి. మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, సగం ఫైలు అసలు పేరుతో ఉండదు. నిన్నటిది నిన్నటిలాగే ఉంటుంది. నిన్నటి స్క్రిప్టు ఇంకా నడుస్తుండగా ఈ రోజుది మొదలవకుండా ఎఫ్‌లాక్ పెట్టుకోండి.

రిపోర్టు డేటాబేస్ పద్ధతి మాత్రం పూర్తిగా మార్చాలి. ముందు తీసేసి తర్వాత ఎక్కించడం వద్దు. వేరే పేరుతో కొత్త డేటాబేస్ చేసి, డంప్ అందులోకి ఎక్కించండి. ముఖ్యమైన నాలుగు టేబుళ్లలో వరుసలు లెక్కపెట్టించి అసలుదానితో పోల్చండి. సరిపోతే పాతదాని పేరు మార్చి పక్కన పెట్టి, కొత్తదానికి రిపోర్టు పేరు పెట్టండి. పేరు మార్చేటప్పుడు ఆ డేటాబేస్‌లో ఎవరూ కనెక్ట్ అయి ఉండకూడదు, కాబట్టి ముందు ఆ సెషన్లను పీజీ టెర్మినేట్ బ్యాకెండ్‌తో ముగించాలి. పక్కన పెట్టినదాన్ని మర్నాడు రాత్రి, ఆ రాత్రి లెక్క కూడా సరిపోయాకే తీసేయాలి. దీనికి డిస్కు ఎక్కువ కావాలి, మీకు డిస్కే కరువు. ఓనరు గారితో మాట్లాడి డిస్కు కొనిపించండి. ఒక్కరోజు లెక్కలు పోతే అయ్యే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

ఇక్కడ ఆ వై లేదా ఎన్ ప్రశ్న గురించి. మనిషి ఎదురుగా కూర్చుని ఉంటాడని, చూసి ఆలోచించి చెప్తాడని నమ్మి ఆ ప్రశ్న పెట్టారు. స్క్రిప్టు చేత వై కొట్టించడమంటే కాపలా మనిషిని లేపేసి గేటు తీసిపెట్టడం. స్క్రిప్టు నుంచి డ్రాప్‌డీబీ నడపాల్సి వస్తే ఐ ఆప్షన్ తీసేయండి, అప్పుడు అది అడగదు. ఒరాకిల్ బ్యాకప్ పనిముట్టు ఆర్‌మ్యాన్‌లో డిలీట్‌కు నోప్రాంప్ట్ కూడా అలాంటిదే. కానీ ప్రశ్న తీసేసిన చోట దానికి బదులు ఒక పరీక్ష రాయాలి. ఈ రోజు డంప్ ఉందా, నిన్నటి సైజుకు దగ్గరగా ఉందా, వరుసల లెక్క సరిపోయిందా, ఇవి అడిగి సరే అన్నాకే తీసేసే లైనుకు రావాలి.

పగలు ఆపరేటర్ల కోసం మెనూ స్క్రిప్టు కూడా రాస్తున్నానన్నారు. అక్కడ ప్రశ్నలు ఉండాల్సిందే. కానీ వై అనే ఒక్క అక్షరం సరిపోదు, వేళ్లు అలవాటుకొద్దీ కొట్టేస్తాయి. తీసేయబోయే డేటాబేస్ పేరు మొత్తం టైప్ చేయమనండి. పేరు టైప్ చేసేటప్పుడైనా మనిషి ఏం తీస్తున్నాడో చదువుతాడు. ఆ స్క్రిప్టు మొదట్లోనే ఇన్‌పుట్ టెర్మినల్ అవునా కాదా అని పరీక్షించి, కాకపోతే బయటికి వచ్చేయాలి. అప్పుడు దాన్ని ఎవరూ క్రాన్‌లో పెట్టలేరు.

ఎప్పుడైనా ఎక్స్‌పెక్ట్ తప్పనిసరి అయితే, ప్రతి ఎదురుచూపులోనూ మూడు దారులు రాయండి. అనుకున్న మాట వస్తే ఏం చేయాలి, టైమ్‌అవుట్ అయితే ఏం చేయాలి, అవతలి ప్రోగ్రాము చచ్చిపోయి ఈవోఎఫ్ (ఇక రావడానికేమీ లేదనే సంకేతం) వస్తే ఏం చేయాలి. చివరి రెండింటికీ జవాబు ఒకటే, లాగ్‌లో రాసి సున్నా కాని కోడ్‌తో బయటికి రావడం. చివర్లో వెయిట్ కమాండ్‌తో అవతలి ప్రోగ్రాము ఎగ్జిట్ కోడ్ తీసుకుని అదే మీ కోడ్‌గా ఇవ్వండి. మీరు పంపిన కమాండ్ కూడా తెర మీద మళ్లీ కనపడుతుంది కాబట్టి, కమాండులో ఉన్న మాట కోసమే ఎదురుచూస్తే మీ ప్రతిధ్వనినే జవాబు అనుకుంటుంది. ఆ పొరపాటు పట్టుకోవాలంటే ఎక్స్‌ప్ ఇంటర్నల్ 1 అని పెట్టి ఒకసారి నడపండి, ఏ అక్షరాలతో దేన్ని పోల్చిందో అంతా చెప్తుంది.

డిస్కు విషయంలో మాత్రం గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ పద్ధతి పెట్టుకోండి. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో ఉన్నవాళ్లు మూడోదాకా ఆగి సామాను సర్దుకోరు. మీ స్క్రిప్టు కూడా 80 శాతం దగ్గర ఒక మెసేజ్, 90 దగ్గర ఇంకోటి పంపి, 95 దాటితే డంప్ మొదలుపెట్టకుండా ఆగాలి. పని సరిగ్గా అయిన రాత్రి కూడా ఫైలు సైజుతో ఒక మెసేజ్ రావాలి. పొద్దున లేచేసరికి ఆ మెసేజ్ లేకపోతే ఏదో అయిందని మీకు తెలుస్తుంది. చచ్చిపోయిన సర్వర్ ఎర్రర్ మెసేజ్ పంపలేదు కదా.

ఈ రాత్రికి క్రాన్‌లో ఆ లైను ఆపేసి, డంప్ చేత్తోనే తీయండి. రేపు పీజీపాస్, ఆన్ ఎర్రర్ స్టాప్, పైప్‌ఫెయిల్ పెట్టి డంప్ వరకే నడిపించండి, తీసేసే లైను ఇప్పుడే వద్దు. ఒక వారం సైజులు, వరుసల లెక్కలు రాసుకోండి. పరీక్షకు ఒకసారి పీజీపాస్‌లో కావాలనే తప్పు పాస్‌వర్డ్ పెట్టి, ఒకసారి డంప్ నడుస్తుండగా దాన్ని కిల్ చేసి, స్క్రిప్టు ఆగుతోందో లేదో మీ కళ్లతో చూడండి. రెండుసార్లూ ఆగితేనే పేర్లు మార్చే భాగం కలపండి. ఎక్కడైనా లెక్క తేడా వస్తే ఆ రాత్రి లాగ్ పెట్టండి, చూస్తాను. పాస్‌వర్డ్ ఉన్న లైన్లు మాత్రం ఈసారి తీసేసి పెట్టండి.